విత్తనానికి బిల్లు అడుగుతాం, వీసాకు అడగమా?

అక్టోబరు ఆఖరున వచ్చిన మొంథా తుపాను ఉమ్మడి వరంగల్ జిల్లాలో కోతకొచ్చిన వరిని పడగొట్టింది. పగిలిన పత్తి చెట్టు మీదనే నల్లబడింది. దక్కిన నాలుగు గింజలు ఎండబెట్టుకొని సీసీఐ కేంద్రానికి పోతే తేమ 12 శాతం దాటిందని తిప్పి పంపారు. కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ దొరకనివాళ్లు అడ్తిదారు చెప్పిన ధరకే ఇచ్చుకున్నారు. ఇట్లాంటి ఏడాది ఊళ్లలోకి రెండు రకాల మనుషులు వస్తారు. మిత్తికి పైసలిచ్చేవాళ్లు ఒకరు, గల్ఫ్ వీసా ఇప్పిస్తామనేవాళ్లు ఇంకొకరు. చాలా ఊళ్లలో ఈ ఇద్దరూ ఒకరికొకరు ఎరుకైనవాళ్లే.

గల్ఫ్ అనగానే జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ గుర్తుకొస్తాయి. అక్కడ మూడు తరాల నుంచి పోతున్నారు. ఏ వీసా మంచిది, ఏది మోసం అని చెప్పే పెద్దమనిషి ప్రతి ఊళ్లో ఒకరుంటారు. మన వరంగల్, జనగామ, మహబూబాబాద్ ఊళ్లలో ఆ అనుభవం తక్కువ. పోయేవాళ్లు మాత్రం పెరుగుతున్నారు. తెలియనివాళ్లు ఎక్కువున్న చోటే ఏజెంటుకు గిరాకీ. అందుకే ఈ నెల పంట ధరల సంగతి కొంత పక్కన పెట్టి, పరాయి దేశంలో పని చేయడానికి కావలసిన అనుమతుల గురించి రాస్తున్నాం.

పొట్టకూటికి వలస పోవడం తప్పని మన సంఘం ఎన్నడూ అనలేదు. వ్యవసాయం కూలి కూడా గిట్టనప్పుడు రైతు బిడ్డ ఎక్కడ పని దొరికితే అక్కడికి పోతాడు. మేం అనేది ఒకటే. పోయేవాడు చట్టం ఇచ్చిన రక్షణతో పోవాలి, దొంగచాటుగా కాదు. భూమి కుదువపెట్టి తెచ్చిన పైసలకు సరైన కాగితం రావాలి.

కాగితం విలువ మనకు కొత్తగా నేర్పాల్సిన పని లేదు. 1997-98లో పత్తి పోయి ఈ జిల్లా రైతులు పురుగుమందు తాగి చనిపోయినప్పుడు, ఏ దుకాణంలో ఏ మందు కొన్నారో చూపే బిల్లు చాలామంది ఇళ్లల్లో లేదు. ఆ దెబ్బతోనే విత్తన ప్యాకెట్ మీద లాట్ నంబరు చూడటం, బిల్లు తీసుకోవడం, ఖాళీ ప్యాకెట్ దాచడం నేర్చుకున్నాం. ఎనుమాముల మార్కెట్లో తెల్లచిట్టీ వద్దు, తక్‌పట్టీ ఇవ్వమని కొట్లాడింది మనమే. మూడు వేల రూపాయల విత్తనానికి ఇంత పట్టుబట్టే మనం లక్షన్నర రూపాయల వీసాకు చిన్న రసీదు కూడా అడగడం లేదు. ఏజెంటు మన మేనబావ దోస్తు కదా, అడిగితే ఏమనుకుంటాడో అని మొహమాటపడుతున్నాం.

పరాయి దేశంలో పనికి రెండు అనుమతులు కావాలి. ఒకటి ఆ దేశం ఇచ్చేది, రెండోది మన దేశం ఇచ్చేది. ఏజెంట్లు మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని దాచేస్తారు.

ఆ దేశం ఇచ్చే అనుమతి అంటే ఉద్యోగ వీసా. దాని మీద యజమాని పేరు, పని పేరు ఉంటాయి. అక్కడ దిగాక ఆ యజమాని వైద్య పరీక్ష చేయించి నివాస కార్డు తీయించాలి. సౌదీలో దాన్నే మనవాళ్లు అకామా అంటారు. అది చేతిలో ఉంటేనే పని చేసే హక్కు. అది లేకుంటే పోలీసులకు దొరికిన రోజు జైలే. విజిట్ వీసా పని చేయడానికి ఇచ్చే అనుమతి కాదు. చుట్టాన్ని చూసి రావడానికో, ఊరు తిరిగి రావడానికో ఇచ్చేది. "ముందు విజిట్ మీద పో, దిగినంక కంపెనీ వీసా కొట్టిస్తం" అని ఏజెంటు అన్నాడంటే, చేతిలో పని లేకుండానే పంపుతున్నాడని అర్థం.

రెండోది మన దేశం ఇచ్చే వలస అనుమతి. ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అంటారు. 1983 వలస చట్టం కింద, పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని వేస్తారు. ఈ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సౌదీ, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్, ఎమిరేట్స్, మలేషియా లాంటి 18 దేశాలకు పనికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే అధికారి అనుమతి ఇవ్వాలి. ఆ ఆఫీసు హైదరాబాదులో ఉంది. ఇప్పుడు పనంతా ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్ మీద జరుగుతుంది. యజమాని పేరు, జీతం, పని గంటలు రాసిన అగ్రిమెంటు అందులో చేరుతుంది. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల బీమా చేయాలి. ప్రమాదంలో మనిషి పోయినా, పూర్తిగా అవిటివాడైనా వచ్చే బీమా అది. రెండేళ్లకు కట్టాల్సింది 275 రూపాయలు, మూడేళ్లకు 375. ఒక పూట కూలి కంటే తక్కువ.

విజిట్ వీసా మీద పంపించే ఏజెంటు ఈ రెండో మెట్టునే దాటేస్తాడు. "ఇమిగ్రేషన్ కాడ మా తమ్ముని దగ్గరికి పోతున్న అని చెప్పు" అని నేర్పిస్తాడు. ఆ అబద్ధం చెప్పిన క్షణం నుంచి మన ప్రభుత్వం లెక్కలో ఆ మనిషి కూలీ కాదు, యాత్రికుడు. అగ్రిమెంటు లేదు, బీమా లేదు. జీతం ఎగ్గొడితే ఏ యజమాని మీద ఫిర్యాదు చేయాలో కూడా కాగితం మీద లేదు.

ఇంకో రకం ఆజాద్ వీసా. ఒక కఫీల్ పేరు మీద వీసా తీస్తారు, పని మాత్రం బయట ఎక్కడైనా చేసుకోమంటారు. వినడానికి స్వేచ్ఛగానే ఉంటుంది. ఆ దేశాల చట్టంలో ఆజాద్ వీసా అనేది లేదు. కఫీల్‌కు ఏటా పైసలు కట్టాలి. ఆయనకు కోపమొస్తే పారిపోయాడని రాసిస్తాడు. ఆ దెబ్బకు మనిషి ఖల్లివెల్లి అవుతాడు. 2013లో సౌదీ నితాఖత్‌ను గట్టిగా అమలు చేసినప్పుడు, 2018లో కువైట్, 2024లో ఎమిరేట్స్ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు ఇండియా టికెట్ కోసం ఎదురుచూసిన మన పిల్లల్లో ఇట్లా కాగితం చెడినవాళ్లు ఎందరో ఉన్నారు.

మూడో మోసం పని పేరులో ఉంటుంది. ఇక్కడ చెప్పేది కంపెనీలో ప్యాకింగ్ పని. వీసా మీద అరబ్బీలో ఉండేది గొర్రెల కాపరి, తోట పని, ఇంటి డ్రైవర్. రైతు బిడ్డకు గొర్రెల పని తెలియనిది కాదు, చిన్నతనమూ కాదు. అసలు చిక్కు వేరే ఉంది. గల్ఫ్ దేశాల్లో చాలాచోట్ల ఇంటి పనివాళ్లను, గొర్రెల కాపరులను అసలు కార్మిక చట్టం నుంచి పక్కనపెట్టి, వేరే బలహీనమైన నిబంధనల కింద ఉంచారు. ఎనిమిది గంటల పని, వారం సెలవు, కార్మిక కోర్టు అని కంపెనీ కూలీకి ఉన్న ఆసరా ఎడారిలో గొర్రెలు కాసేవాడికి అంత సులువుగా అందదు. అందుకే అరబ్బీ కాగితం ఎవరితోనైనా చదివించుకోకుండా విమానం ఎక్కొద్దు. ఖతార్ పోయేవాళ్లకు ఈ ఇబ్బంది కొంత తగ్గింది. హైదరాబాదులో ఖతార్ వీసా సెంటర్ ఉంది. వైద్య పరీక్ష, వేలిముద్రలు, అగ్రిమెంటు మీద సంతకం ఇక్కడే జరుగుతాయి. సంతకం పెట్టే ముందే జీతం ఎంతో చూసుకోవచ్చు.

ఇక పైసల లెక్క. చట్టం ప్రకారం లైసెన్సు ఉన్న రిక్రూటింగ్ ఏజెంటు ఒక మనిషి దగ్గర తీసుకోగలిగిన సేవా రుసుము 30,000 రూపాయలు. 18 శాతం జీఎస్టీ కలిపితే 35,400. దానికి రసీదు ఇవ్వాలి. సౌదీ కార్మిక చట్టంలో వీసా ఖర్చు, అకామా ఖర్చు, పని ముగిశాక తిరుగు టికెట్ యజమానివే. ఎమిరేట్స్‌లో కూడా కూలీ దగ్గర నియామక ఖర్చు వసూలు చేయొద్దని చట్టం ఉంది. అంటే "వీసాకు లక్షన్నర అయితది" అని ఏజెంటు అన్నప్పుడు, కంపెనీ ఇచ్చిన వీసానే మనకు అమ్ముతున్నాడని తెలుసుకోవాలి.

ఒక ఉదాహరణ కడదాం. నూటికి మూడు రూపాయల మిత్తికి లక్షన్నర తెస్తే నెలకు మిత్తే 4,500. వెయ్యి రియాళ్ల జీతం మన లెక్కలో సుమారు 23 వేలు. తిండి, ఫోను, సబ్బుల ఖర్చు పోను ఇంటికి నెలకు 15 వేలు పంపాడనుకుందాం. మిత్తి పోను మిగిలేది పదిన్నర వేలు. ఇంటికి ఒక్క పైసా వాడుకోకుండా కట్టినా అసలు తీరేసరికి ఏడాది దాటుతుంది. అగ్రిమెంటు ఉండేదే రెండేళ్లు. మధ్యలో రెండు నెలల జీతం ఆగినా, ఇంట్లో ఒక ఆపరేషన్ పడినా, కుదువపెట్టిన ఎకరం తిరిగి రాదు. అదే చట్టం చెప్పిన 35,400తో పోతే మూడు నెలల్లో అప్పు తీరుతుంది. పోయేది అదే దేశం, చేసేది అదే పని, వచ్చేది అదే జీతం. భూమి నిలవడమా పోవడమా అనేది ఏజెంటు తీసుకున్న దాని మీద తేలిపోతోంది. అందుకే ఇది మన సంఘం పని కాదని ఎవరూ అనుకోవద్దు.

కౌలు రైతు పరిస్థితి ఇంకా కష్టం. పాస్‌బుక్ లేదు కాబట్టి బ్యాంకు అప్పు లేదు, రైతుబీమా లేదు. 2011లో అధీకృత సాగుదారుల చట్టం వచ్చింది. అది అమలైతే కౌలుదారుకు గుర్తింపు కార్డు, పంట అప్పు వచ్చేవి. ఆ కార్డులు ఇవ్వని పాలకులే ఈ రోజు యువకులు ఊళ్లు విడిచి పోతున్నారని బాధపడుతున్నారు.

మోసం చేసినవాడికి శిక్ష ఏమిటో కూడా చూద్దాం. 1983 చట్టం పదో సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ఎవరూ మనుషులను విదేశీ పనికి పంపకూడదు. పంపితే 24వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు, 2,000 రూపాయల దాకా జరిమానా. ఒక్క మనిషి దగ్గర లక్షన్నర గుంజినవాడికి రెండు వేలు జరిమానా! నలభై ఏళ్ల కింద రాసిన అంకెను ఇప్పటికీ మార్చలేదు. పెద్ద రిక్రూటింగ్ ఏజెంటు 50 లక్షల బ్యాంకు గ్యారంటీ ప్రభుత్వం దగ్గర పెట్టాలి. మోసపోయినవాళ్లకు ఇప్పించడానికి ఆ సొమ్ము వాడొచ్చు. మన ఊళ్లకు వచ్చే ఏజెంటు మాత్రం లైసెన్సు ఉన్నవాడు కాదు. ముంబయిలోనో ఢిల్లీలోనో ఉన్న ఏజెంటు కింద, హైదరాబాదులో ఉన్నవాడి కింద పనిచేసే సబ్ ఏజెంటు. చట్టంలో వాడికి చోటే లేదు, గ్యారంటీ అంతకన్నా లేదు.

ఇక్కడ సభ్యులందరూ గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఒకటుంది. ఈ చట్టం కింద కేసు నడపాలంటే కేంద్ర ప్రభుత్వం ముందస్తు మంజూరు కావాలని 27వ సెక్షన్ చెబుతుంది. ఆ మాట చెప్పి స్టేషన్‌లో తిప్పి పంపే వీలుంది. అదే సెక్షన్‌లో మినహాయింపు కూడా ఉంది. పోయినవాడు గానీ, పోవాలనుకున్నవాడు గానీ స్వయంగా ఫిర్యాదు చేస్తే, లేదా వాడి తరఫున తల్లి, తండ్రి, భార్య, భర్త, కొడుకు, బిడ్డ, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు చేస్తే ఆ మంజూరు అక్కర లేదు. ఈ నేరాలకు పోలీసులు నేరుగా కేసు పెట్టొచ్చు. కాబట్టి కొడుకు ఎడారిలో చిక్కుకుంటే తల్లి ఇక్కడ స్టేషన్‌కు పోయి కేసు పెట్టించవచ్చు. సంఘం ఆమె వెంట ఉండాలి.

పాత కథ కూడా మరవొద్దు. ఒకప్పుడు కోస్తా జిల్లాల తెలుగు కూలీలతో గిర్మిట్ కాగితం మీద వేలిముద్ర వేయించి నాటాల్, మారిషస్, ఫిజీ చెరకు తోటలకు ఓడల్లో పంపారు. దేశమంతా గొంతెత్తితే 1917లో ఆ నియామకాలు ఆగాయి. తర్వాత 1922లో ఒక వలస చట్టం, 1983లో ఇప్పుడున్న చట్టం వచ్చాయి. దాన్ని మార్చడానికి కేంద్రం 2021లో ఒక ముసాయిదా, 2025 అక్టోబరులో ఇంకో ముసాయిదా బయటపెట్టింది. అభిప్రాయాలు చెప్పడానికి ఇచ్చింది నెల రోజులే. కోతలు, తుపాను మధ్య ఉన్న పల్లెటూరి కూలీ కుటుంబం దాన్ని ఎప్పుడు చదవాలి, ఎప్పుడు జవాబు రాయాలి?

చదువుకున్న పిల్లలకు ఈ బాధ లేదనుకోవద్దు. పది పాసైనవాళ్లకు ఈసీఆర్ ముద్ర ఉండదు, వలస అనుమతి అక్కర లేదు. అందువల్లనే వాళ్ల లెక్క ఎక్కడా ఉండదు. కంప్యూటర్ ఉద్యోగమని థాయిలాండ్ టూరిస్టు వీసా మీద తీసుకుపోయి, సరిహద్దు దాటించి మయన్మార్‌లో సైబర్ మోసాల డెన్లలో పెట్టినవాళ్లలో తెలంగాణ పిల్లలు ఉన్నారు. 2025 మార్చిలో కేంద్రం విమానాలు పంపి వందల మందిని వెనక్కి తెచ్చింది. సహాయకుల ఉద్యోగమని చెప్పి రష్యా తీసుకుపోయి యుద్ధంలోకి తోసిన ఘటనలు 2024లో చూశాం. డిగ్రీ ఉన్నా దారి అదే, టూరిస్టు వీసా మీద పనికి పోవడం. ఈసీఆర్ లేనివాళ్లు కూడా ఈ-మైగ్రేట్‌లో తమంతట తాము నమోదు చేసుకోవచ్చు. చేసుకోవాలి.

ఆడవాళ్ల విషయంలో నిబంధనలు వేరు. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న మహిళకు 30 ఏళ్లు నిండితేనే ఆ దేశాలకు పని అనుమతి ఇస్తారు. పంపాల్సింది ప్రభుత్వ సంస్థల ద్వారానే. ఆ నిబంధన కాపాడటానికి పెట్టిందే. ఏజెంట్లు దాన్ని తప్పించుకోవడానికి విజిట్ వీసా మీద దుబాయ్ దించి, అక్కడి నుంచి ఒమన్‌కో కువైట్‌కో తరలిస్తున్నారు. కడప, గోదావరి జిల్లాల ఆడబిడ్డలు ఈ దారిలో పడ్డ కష్టాలు పేపర్లలో చదివాం. మన తండాలకు, వాడలకు ఆ దారి రానీయొద్దు.

రాష్ట్ర ప్రభుత్వం ఏమీ చేయలేదని అనం. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల పరిహారం ఇస్తూ 2024 సెప్టెంబరులో జీవో ఇచ్చింది. 2023 డిసెంబరు 7 తర్వాతి మరణాలకు అది వర్తిస్తుంది. దరఖాస్తు కలెక్టరేట్‌లో ఇవ్వాలి. ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి పెట్టింది. టామ్‌కామ్ అనే ప్రభుత్వ సంస్థ విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపుతోంది. ఇవన్నీ మంచివే. పక్కన కేరళను చూడండి. 1996లోనే ప్రవాసుల కోసం నోర్కా అనే ప్రత్యేక శాఖ పెట్టుకున్నారు. 2008లో ప్రవాసుల సంక్షేమ చట్టం చేసుకున్నారు, పింఛను ఇస్తున్నారు. మన దగ్గర చచ్చిన తర్వాత ఐదు లక్షలు ఇచ్చే ఏర్పాటు ఉంది. పోయే ముందు కాగితం చూసి చెప్పే మనిషి మాత్రం మండలంలో లేడు.

అందుకే మన సంఘం ఈ డిమాండ్లు పెడుతోంది. సబ్ ఏజెంటు చేసిన మోసానికి లైసెన్సుదారు ఏజెంటే బాధ్యుడని కొత్త చట్టంలో రాయాలి. జరిమానా వసూలు చేసిన సొమ్ముకు మించి ఉండాలి, ఆ సొమ్ము బాధితుడికి చేరాలి. ముసాయిదాను తెలుగులో ప్రచురించి, గల్ఫ్ సంఘాలను, రైతు, కూలీ సంఘాలను పిలిచి మాట్లాడాలి. గల్ఫ్ కార్మికులకు రాష్ట్రం చట్టబద్ధమైన సంక్షేమ బోర్డు పెట్టాలి. టామ్‌కామ్ వరంగల్‌లో ఆఫీసు తెరిచి ప్రతి మండలంలో నెలకొకసారి సదస్సు పెట్టాలి. చట్టబద్ధంగా పోయేవాళ్లకు 35,400 రూపాయలు సహకార సంఘం ద్వారా బ్యాంకు మిత్తికి అప్పు ఇవ్వాలి. కౌలు రైతులకు గుర్తింపు కార్డులు వెంటనే ఇవ్వాలి.

ప్రభుత్వం చేసేదాకా చేతులు కట్టుకొని కూర్చోం. ప్రతి గ్రామ కమిటీ ఈ నెల నుంచి ఒక రిజిస్టర్ పెట్టాలి. విదేశం పోతున్నవాళ్లు కమిటీకి వచ్చి కాగితాలు చూపించాలని డప్పు చాటింపు వేయించండి. చూడాల్సినవి ఇవి. ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు ఈ-మైగ్రేట్ జాబితాలో ఉందా? వీసా ఉద్యోగానిదా, విజిట్‌దా? దాని మీద పని పేరు, ఏజెంటు చెప్పిన పని ఒకటేనా? అగ్రిమెంటులో జీతం అంకె ఉందా? బీమా కాగితం ఉందా? పైసలు బ్యాంకు ద్వారా కట్టి రసీదు తీసుకున్నారా? ఇందులో ఒక్కటి లేకున్నా పాస్‌పోర్టు ఏజెంటు చేతికి ఇవ్వొద్దు.

పోయేవాళ్లు అన్ని కాగితాల జిరాక్సు ఒక కట్ట ఇంట్లో భార్య దగ్గరో, తల్లి దగ్గరో ఉంచాలి. పట్టా ఉన్నవాళ్లు రైతుబీమాలో పేరు ఉందో లేదో, నామినీ ఎవరో ఏఈవో దగ్గర చూసుకొని పోవాలి. ఏదైనా ఆపద వస్తే కేంద్ర ప్రభుత్వ ప్రవాసీ సహాయతా కేంద్రం ఉచిత నంబరు 1800 11 3090 ఉంది. మదద్ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు రాయొచ్చు. అక్కడి మన రాయబార కార్యాలయంలో సంక్షేమ నిధి ఉంటుంది. టికెట్‌కు, వకీలుకు, శవం ఇంటికి పంపడానికి అందులో నుంచి సాయం అడిగే హక్కు మనకుంది.

విత్తన దుకాణం ముందు నిలబడి బిల్లు ఇచ్చేదాకా కదలమని పట్టుబట్టిన నాడు దుకాణదారులకు మన మీద కోపం వచ్చింది. తర్వాత బిల్లు ఇవ్వడం అలవాటైంది. వీసా ఏజెంటుకు కూడా మొదట కోపమే వస్తుంది. "నమ్మకం లేకుంటే వద్దు పో" అంటాడు. వెళ్లిపోనివ్వండి. కాగితం అడిగితే పారిపోయే ఏజెంటు పోయినందువల్ల ఊరికి నష్టం లేదు. వచ్చే నెల మండల సమావేశాలకు ప్రతి గ్రామ కమిటీ తన రిజిస్టర్ పట్టుకొని రావాలి.